ఆయాసం రాకముందే స్పైరోమెట్రీ: ఎలా చేయించుకోవాలి, రిపోర్టు ఎలా చూడాలి

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని డాక్టర్ దగ్గరికి వెళ్లేసరికి చాలామందిలో ఊపిరితిత్తుల గాలిగొట్టాలు అప్పటికే బాగా దెబ్బతిని ఉంటాయి. నేను పీఎఫ్‌టీ (ఊపిరితిత్తుల పనితీరు పరీక్షలు) గదిలో పనిచేస్తాను, నా ముందు కూర్చునేవాళ్లలో ఎక్కువమంది ఇలా ఆలస్యంగా వచ్చినవాళ్లే. బీపీ, షుగర్ ఏటా చూపించుకునే మనిషి కూడా, ఏళ్ల తరబడి బీడీ కాలుస్తున్నా, మిల్లులో దూది దుమ్ము పీలుస్తున్నా, ఊపిరి మాత్రం ఒక్కసారీ కొలిపించుకుని ఉండడు. "ఎక్స్‌రే బాగానే ఉందన్నారండీ" అంటారు. ఎక్స్‌రేలో నెమ్ము, టీబీ మచ్చలు, గడ్డలు కనిపిస్తాయి. గాలిగొట్టాలు కాస్త ఇరుకయ్యాయన్న సంగతి మొదట్లో ఎక్స్‌రేకి అందదు. అది తెలియాలంటే ఊది చూడాల్సిందే. ఆ పరీక్షే స్పైరోమెట్రీ.

తొలిదశలో మనకెందుకు తెలియదంటే, ఊపిరితిత్తుల్లోని గొట్టం ఇరవైసార్లకు పైగా కొమ్మలు చీలుతూ పోతుంది. చివరికొచ్చేసరికి 2 మిల్లీమీటర్ల కన్నా సన్నని గొట్టాలు వేలల్లో ఉంటాయి. జబ్బు చాలాసార్లు మొదలయ్యేది అక్కడే. కాలువ చివర పిల్లకాలువల్లో కొన్ని పూడిపోయినా పొలానికి నీళ్లు అందుతూనే ఉన్నట్టు, మిగతా గొట్టాలతో పని నడిచిపోతుంది. పైగా మనిషి తనకు తెలియకుండానే పని తగ్గించుకుంటాడు. మెట్లు మానేసి లిఫ్ట్ ఎక్కుతాడు, నడిచే దూరానికి బండి తీస్తాడు, వయసు మీదపడింది అనుకుంటాడు.

ముందు, ఈ పరీక్ష మీకు అవసరమా అన్నది చూసుకోండి

ఏ లక్షణమూ లేక, పొగా దుమ్మూ తగలనివాళ్లు పనిగట్టుకుని వెళ్లాల్సిన పరీక్ష కాదిది. కింది వాటిలో ఏదైనా మీకు వర్తిస్తే మాత్రం వాయిదా వేయకండి.

బీడీ, సిగరెట్, చుట్ట కాల్చేవాళ్లు, మానేసినవాళ్లు కూడా. ఉత్తరాంధ్రలో అడ్డపొగ (నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట కాల్చడం) తాగే పెద్దవాళ్లను ఈ లెక్కలో మర్చిపోతుంటారు. ఏళ్లపాటు కట్టెల పొయ్యి మీద వండిన ఆడవాళ్లను అయితే అసలు లెక్కలోకే తీసుకోరు. గ్యాస్ వచ్చి పదేళ్లయినా, అంతకుముందు పీల్చిన పొగ గొట్టాల్లో చేసిన చెరుపు అలాగే ఉండొచ్చు. "మా అమ్మకు సిగరెట్ అలవాటు ఎక్కడిది, ఆమెకెందుకు ఈ టెస్ట్" అనే కొడుకులకు నేను చెప్పేది ఈ మాటే.

ఇక పని. మిర్చి యార్డులు, జిన్నింగ్ మిల్లులు, రైస్ మిల్లులు, స్టోన్ క్రషర్లు, గ్రానైట్ క్వారీలు, బేకరీలు, కార్లకు స్ప్రే పెయింటింగ్ చేసే షెడ్లు. దూది మిల్లులో పనిచేసేవాళ్లకు వారాంతపు సెలవు తర్వాత మళ్లీ పనిలోకి వెళ్లిన రోజున ఛాతీ పట్టేసినట్టు ఉండి, వారం గడిచేకొద్దీ తగ్గుతుంటే అది దూది దుమ్ముతో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు అయిన బిస్సినోసిస్‌కి తొలి గుర్తు కావచ్చు.

లక్షణాల విషయానికొస్తే: తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చే దగ్గు, తెల్లవారుజామున పిల్లికూతలు, ప్రతి జలుబూ ఛాతీలోకి దిగడం, చిన్నప్పుడు ఉబ్బసం ఉండటం, గతంలో టీబీకి మందులు వాడి ఉండటం. టీబీ పూర్తిగా నయమైనా గొట్టాలు ఇరుకుగా మిగిలిపోవచ్చు.

ఒక్క జాగ్రత్త. దగ్గు రెండు వారాలు దాటి, జ్వరమో, బరువు తగ్గడమో, కఫంలో రక్తమో ఉంటే ముందు టీబీకి కఫం పరీక్ష చేయించుకోండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో అది ఉచితం. టీబీ అనుమానం ఉన్నప్పుడు గట్టిగా ఊదే పరీక్ష చేస్తే పక్కవాళ్లకు అంటుకునే ప్రమాదం ఉంది.

చీటీలో ఏం రాయించుకోవాలి

ఊరికే పీఎఫ్‌టీ అంటే కొన్నిచోట్ల ఒక్క విడత ఊదించి పంపేస్తారు. "స్పైరోమెట్రీ విత్ రివర్సిబిలిటీ" అని రాయించుకోండి. అంటే మొదట ఒకసారి ఊదిస్తారు, తర్వాత గొట్టాలు తెరిచే మందు, మామూలుగా సాల్‌బ్యుటమాల్ 400 మైక్రోగ్రాములు, స్పేసర్‌తో పీల్పిస్తారు. కనీసం 15 నిమిషాలు కూర్చోబెట్టి మళ్లీ ఊదిస్తారు. ఆ రెండో విడత లేకపోతే ఆస్తమానా, సీవోపీడీనా (పొగ, దుమ్ము వల్ల గొట్టాలు శాశ్వతంగా ఇరుకయ్యే జబ్బు) అన్నది తేల్చడం కష్టం. ఎర్రగడ్డ ఛాతీ ఆసుపత్రి, విశాఖ ఛాతీ ఆసుపత్రిలాంటి చోట్లా, పల్మనాలజీ విభాగం ఉన్న బోధనాసుపత్రుల్లోనూ అడిగి చూడండి. ప్రైవేటులో చేయించుకునేటట్టయితే ఆ మిషన్‌ని 3 లీటర్ల సిరంజితో రోజూ సరిచూస్తారా అని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. మంచి ల్యాబ్ వాళ్లు ఆ సిరంజిని చూపించి మరీ చెబుతారు.

గత వారంలో గుండెపోటు వచ్చినా, కంటి ఆపరేషన్ అయినా, గత నాలుగు వారాల్లో ఛాతీ, పొట్ట, మెదడు ఆపరేషన్లు అయినా, ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరినా, రక్తం దగ్గుతున్నా పరీక్ష వాయిదా వేయాలి. బుకింగ్ దగ్గరే ఈ సంగతి చెప్పేయండి.

వెళ్లే ముందు

ఇప్పటికే పంపు (ఇన్‌హేలర్) వాడుతున్నవాళ్లు ఏది ఎన్ని గంటల ముందు ఆపాలో డాక్టర్‌ని అడిగి రాసుకోండి. మామూలు లెక్క ఇది: సాల్‌బ్యుటమాల్ 4 నుంచి 6 గంటలు, ఇప్రాట్రోపియం 12 గంటలు, ఫార్మోటెరాల్, సాల్మెటెరాల్ కలిసిన పంపులు 24 గంటలు, టియోట్రోపియంలాంటివి 36 నుంచి 48 గంటలు. జబ్బు ఏదో తేల్చడానికి చేసే పరీక్షకే ఈ ఆపడం. వాడుతున్న మందు ఎలా పనిచేస్తోందో చూడటానికైతే ఆపక్కర్లేదు. ఆపిన రాత్రి ఆయాసం వస్తే పంపు తీసుకోండి. పొద్దున్న టెక్నీషియన్‌కు ఎన్నింటికి తీసుకున్నారో చెబితే చాలు.

పరీక్షకు గంట ముందు నుంచి పొగ వద్దు, పరుగులు వద్దు. ముందు రోజు రాత్రి నుంచి మద్యం తాగొద్దు. పరగడుపున రానక్కర్లేదు గానీ పొట్ట నిండా భోంచేసి రావద్దు. బెల్టు, బిగుతు జాకెట్టు లాంటివి లేకుండా వదులు బట్టలు వేసుకోండి. కట్టుడు పళ్లు గట్టిగా కూర్చుని ఉంటే తీయక్కర్లేదు, పెదాలు బాగా బిగుస్తాయి.

ఎత్తు విషయంలో పట్టు వదలొద్దు. చెప్పులు విప్పించి కొలవమనండి. "ఎంతుంటారండీ, ఐదున్నర వేసేద్దామా" అనే చోట రిపోర్టు నమ్మలేం. మీ వయసు, ఎత్తు, ఆడా మగా అన్నదాన్ని బట్టే మీకు ఎంత ఉండాలో మిషన్ లెక్కేస్తుంది. ఎత్తు తప్పయితే కింద వచ్చే శాతాలన్నీ తప్పే. గూని ఉన్నవాళ్లకు, నిలబడలేనివాళ్లకు చేతులు బార చాపించి కొలుస్తారు.

ఊదడం: అసలు పరీక్ష ఇక్కడే

రక్తపరీక్షలో మీరు చేసేదేం లేదు, చెయ్యి చాపితే చాలు. ఇందులో మీరు ఊదిన తీరే ఫలితం. అందుకే దీన్ని కాస్త నిదానంగా చదవండి, ఇంట్లో ఒకట్రెండుసార్లు ఉత్తిచేతిలోకి ఊది చూసుకోండి.

కుర్చీలో నిటారుగా, పాదాలు రెండూ నేలకు ఆనించి కూర్చోండి. ముక్కుకు క్లిప్ పెడతారు. మౌత్‌పీస్ పళ్ల మధ్య పెట్టుకుని పెదాలు చుట్టూ బిగించండి, నాలుక దానికి అడ్డం రాకూడదు. ఇప్పుడు గాలిని ఇంక పట్టదు అన్నంతవరకు గబగబా లోపలికి పీల్చండి. నిండాక ఆగొద్దు. వెంటనే ఒక్కసారిగా, పేలినట్టు వదలండి. వదలడం మొదలయ్యాక అసలు కష్టం వస్తుంది, ఎందుకంటే రెండు సెకన్లకే అయిపోయినట్టు అనిపిస్తుంది. అయిపోలేదు. "ఇంకా, ఇంకా, ఇంకా, ఆపొద్దమ్మా" అని టెక్నీషియన్ అరుస్తున్నది అందుకే. తెరమీద గీత పైకి పోవడం మానేసి ఒక సెకను పాటు అడ్డంగా సాగేవరకు ఊదాలి. గొట్టాలు ఇరుకైనవాళ్లకు పది పన్నెండు సెకన్లు కూడా పడుతుంది, 15 సెకన్లు దాటక్కర్లేదు. చివర్లో మళ్లీ గట్టిగా లోపలికి పీలిస్తే ఒక ఊదుడు పూర్తయినట్టు.

ముందే ఆపేస్తే ఏమవుతుందో చెబుతాను, ఎందుకంటే తొలిదశ జబ్బు చేజారేది ఎక్కువగా ఇక్కడే. మొదటి సెకనులో బయటికొచ్చిన గాలిని ఎఫ్‌ఈవీ1 అంటారు, మొత్తం గాలిని ఎఫ్‌వీసీ అంటారు. ఇరుకు ఉందో లేదో చెప్పేది ఈ రెండిటి నిష్పత్తి. నాలుగో సెకనుకే ఆపేస్తే మొత్తం తక్కువగా నమోదవుతుంది, దాంతో నిష్పత్తి పెరిగిపోయి ఉన్న ఇరుకు కనబడకుండా పోతుంది. అసలు గాలే సగం పీల్చి ఊదితే రెండంకెలూ తగ్గి, లేని జబ్బు ఉన్నట్టు "రిస్ట్రిక్షన్" (ఊపిరితిత్తులు నిండా విచ్చుకోకపోవడం) అని రిపోర్టులో పడుతుంది.

కనీసం మూడుసార్లు సరిగ్గా రావాలి, వాటిలో మెరుగైన రెండూ 150 మిల్లీలీటర్ల తేడాలోపు ఉండాలి. ఎనిమిది ప్రయత్నాల వరకు చేయించొచ్చు. కళ్లు తిరిగినట్టయితే ఆగి కూర్చోండి, నిమిషంలో సర్దుకుంటుంది. పిల్లలు ఐదారేళ్ల వయసు నుంచి నేర్పితే బాగానే ఊదుతారు.

రిపోర్టు చేతికొచ్చాక

కింద రాసిన "నార్మల్" అన్న పదం దగ్గరికి ముందే వెళ్లకండి. మొదట నాణ్యత చూడండి. చాలా మిషన్లు ఎ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్ వేస్తాయి. ఎ, బి అయితే నమ్మొచ్చు. సి అయితే జాగ్రత్తగా చూడాలి. డి, అంతకన్నా కింద అయితే మళ్లీ ఊదించమని అడగడం మీ హక్కు.

తర్వాత బొమ్మ. కొండ ఆకారంలో ఉన్న గ్రాఫ్‌లో గీత నిట్టనిలువుగా లేచి, శిఖరం నుంచి దాదాపు తిన్నగా కిందికి దిగాలి. దిగేటప్పుడు లోపలికి గుంటపడినట్టు వంగితే గొట్టాలు ఇరుకవుతున్నాయన్న అనుమానం. మొదట్లోనే రంపపు పళ్లలా ఉంటే ఆ ఊదుడులో దగ్గొచ్చిందన్నమాట, అది లెక్కలోకి రాకూడదు.

అంకెలకు ఒక ఉదాహరణ చెబుతాను. జిన్నింగ్ మిల్లులో పనిచేసే 46 ఏళ్ల మనిషి అనుకోండి. ఎఫ్‌ఈవీ1 2.46 లీటర్లు, ఆయనకు ఉండాల్సింది 3.05, అంటే 81 శాతం. 80 దాటింది కదా, బాగానే ఉందని పక్కన పెట్టేస్తారు. కానీ ఎఫ్‌వీసీ 3.62. నిష్పత్తి తీస్తే 0.68. 0.70 కన్నా తక్కువ. శాతం బాగుండి నిష్పత్తి తగ్గిన ఈ తరహా రిపోర్టే తొలిదశది. మందు పీల్పించాక ఎఫ్‌ఈవీ1 2.81కి, ఎఫ్‌వీసీ 3.74కి వచ్చాయి. నిష్పత్తి 0.75. ఎఫ్‌ఈవీ1 350 మిల్లీలీటర్లు పెరిగింది, మొదటిదానితో పోలిస్తే 14 శాతం. పాత ప్రమాణం ప్రకారం 12 శాతం, 200 మిల్లీలీటర్లు దాటాలి. కొత్త ప్రమాణం ప్రకారం ఉండాల్సినదాంట్లో 10 శాతానికి మించి పెరగాలి. రెండు లెక్కల్లోనూ ఇది గట్టి మార్పే, ఆస్తమా వైపు చూపిస్తోంది. మందు తర్వాత కూడా నిష్పత్తి 0.70 లోపే ఉండిపోయి, పొగో దుమ్మో చరిత్రలో ఉంటే సీవోపీడీ అని ఆలోచిస్తారు.

ఆ 0.70 గీతను అందరికీ ఒకేలా గీయడంలో ఇబ్బంది ఉంది. వయసుతో నిష్పత్తి సహజంగానే తగ్గుతుంది. 75 ఏళ్ల ఆరోగ్యవంతుడికి 0.69 రావొచ్చు, 25 ఏళ్ల కుర్రాడికి 0.74 కూడా తక్కువే కావచ్చు. అందుకే ఎల్‌ఎల్‌ఎన్ (మీలాంటివాళ్లకు మామూలుగా ఉండే కనిష్ఠ హద్దు) అన్న గడి, లేదా జడ్ స్కోరు చూడండి. జడ్ స్కోరు మైనస్ 1.64 కన్నా కిందకు పోతే ఆ వయసువాళ్లకు తక్కువని అర్థం. వయసులో ఉన్నవాళ్లకు నేను దీన్నే ఎక్కువ నమ్ముతాను.

ఎఫ్‌ఈవీ1 80 శాతం కన్నా తగ్గి నిష్పత్తి మాత్రం మామూలుగా ఉంటే దాన్ని ప్రిజమ్ అంటున్నారు. ఏమీ లేదని వదిలేయొద్దు, వీళ్లలో కొందరు తర్వాత సీవోపీడీలోకి జారతారు. ఊదిన తీరు సరిగ్గా ఉందని నిర్ధారించుకుని ఏడాదిలో మళ్లీ చేయించుకోవాలి.

మన దగ్గర రిపోర్టుల్లో తరచుగా కనిపించే ఇంకో మాట "స్మాల్ ఎయిర్‌వే అబ్‌స్ట్రక్షన్". ఎఫ్‌ఈఎఫ్ 25-75 (ఊదుడు మధ్యభాగంలో గాలి వేగం) అన్న ఒక్క అంకె తగ్గితే మిషన్ దాన్ని రాసేస్తుంది. ఆ అంకె ఒకే మనిషిలో ఒక ఊదుడుకీ ఇంకోదానికీ బాగా మారిపోతుంది. మిగతావన్నీ బాగుండి ఇదొక్కటే తగ్గితే టెన్షన్ పడొద్దు. లక్షణాలు కూడా ఉంటే పెద్ద ఊళ్లలో ఆసిలోమెట్రీ అనే పరీక్ష దొరుకుతోంది, దాంట్లో గట్టిగా ఊదే పని లేదు, మామూలుగా ఊపిరి తీస్తే చాలు. చిన్న గొట్టాల సంగతి అది మెరుగ్గా పట్టుకుంటుంది. చిన్న పిల్లలకు, బలం లేని పెద్దవాళ్లకు కూడా బాగా పనికొస్తుంది.

నార్మల్ వచ్చింది, కానీ దగ్గు అలాగే ఉంది

ఆస్తమా వస్తూ పోతూ ఉంటుంది. పరీక్ష చేసిన గంటలో గొట్టాలు తెరుచుకుని ఉంటే అన్నీ బాగానే వస్తాయి. ఇలాంటప్పుడు పీక్ ఫ్లో మీటర్ (ఊదే గాలి గరిష్ఠ వేగాన్ని కొలిచే చిన్న పరికరం) కొనుక్కోండి. మెడికల్ షాపుల్లో తక్కువ ధరకే దొరుకుతుంది. పొద్దున లేవగానే, సాయంత్రం ఒకసారి, ప్రతిసారీ మూడేసి ఊదులు ఊది, వాటిలో పెద్దది రాసుకోండి. రెండు వారాలు మానకుండా రాయాలి. ఒక రోజు పొద్దున 330, సాయంత్రం 400 వచ్చాయనుకోండి. తేడా 70, సగటు 365, కాబట్టి 19 శాతం. ఇలా ప్రతిరోజుదీ తీసి రెండు వారాల సగటు చూస్తే పెద్దవాళ్లలో 10 శాతం, పిల్లల్లో 13 శాతం దాటితే ఆస్తమా అనుమానం బలపడుతుంది. పనిచేసే చోట దుమ్ము కారణమేమో అనిపిస్తే రోజుకు కనీసం నాలుగుసార్లు, పని రోజుల్లోనూ సెలవుల్లోనూ రాయండి. యార్డుకు వెళ్లిన రోజుల్లో తగ్గి, ఊరెళ్లి ఇంటిపట్టున ఉన్న వారంలో పెరిగితే ఆ కాగితమే డాక్టర్‌కు సగం దారి చూపిస్తుంది. అవసరమైతే డాక్టర్లు ఫీనో (ఊపిరిలో నైట్రిక్ ఆక్సైడ్ కొలిచేది), మెథకోలిన్ (గొట్టాలు ఎంత సులువుగా బిగుసుకుంటాయో చూసేది) పరీక్షలు రాస్తారు.

పాత రిపోర్టు పారేయకండి

నా దృష్టిలో తొలిదశను అన్నిటికన్నా ముందు పట్టించేది మీ పాత రిపోర్టే. పాతికేళ్ల వయసు దాటాక ఎఫ్‌ఈవీ1 ఏటా సుమారు 25 నుంచి 30 మిల్లీలీటర్లు తగ్గడం అందరిలోనూ ఉండేదే. ఒక మనిషికి 3.40 లీటర్లు ఉండి నాలుగేళ్లకు 3.05 అయిందంటే 350 పోయాయి, వయసు లెక్కన పోవాల్సింది 120. ఇప్పటికీ శాతం 90కి పైనే ఉండొచ్చు, రిపోర్టు కింద "నార్మల్" అనే ఉంటుంది. పాతది పక్కన పెడితే తప్ప ఆ తగ్గుదల ఎవరికీ కనిపించదు. ఒక్కసారి తగ్గగానే కంగారుపడకుండా, వీలైతే అదే ల్యాబ్‌లో, జలుబు లేనప్పుడు మళ్లీ చేయించి నిర్ధారించుకోండి.

పోల్చేటప్పుడు శాతాలను వదిలేసి లీటర్లనే పోల్చండి. ల్యాబ్ మారితే శాతం లెక్కేసే సూత్రం మారొచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. అక్కడ జాతిని బట్టి లెక్కేసే పాత పద్ధతి నుంచి అందరికీ ఒకే సూత్రం వాడే జీఎల్‌ఐ గ్లోబల్ 2022కి చాలా ల్యాబ్‌లు మారుతున్నాయి. ఊపిరి మారకపోయినా శాతం మారినట్టు కనిపిస్తుంది.

దుమ్ములో పనిచేసేవాళ్లు, పొగతాగేవాళ్లు ఏడాదికోసారి చేయించుకుంటే మంచిది. తగ్గుదల కనబడితే చేతిలో ఉన్న గట్టి మందు పొగ మానడమే. అమెరికా, కెనడాల్లో జరిగిన లంగ్ హెల్త్ స్టడీలో 11 ఏళ్ల తర్వాత చూస్తే, మానేసిన మగవాళ్లలో ఎఫ్‌ఈవీ1 ఏటా సుమారు 30 మిల్లీలీటర్లు తగ్గితే మాననివాళ్లలో 66 తగ్గింది. మానడానికి సాయం కావాలంటే జాతీయ టొబాకో క్విట్‌లైన్ 1800-112-356 ఉంది, ఫోన్ ఉచితం. మిల్లు దుమ్ము కారణమైతే రిపోర్టు యజమానికి చూపించి పని చోటు మార్పించుకోవడం, సరైన మాస్కు అడగడం చేయండి. చేతిగుడ్డ కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు.

మాట పూర్తిచేయలేనంత ఆయాసం, పెదాలు నీలంగా మారడం, పంపు వేసినా తగ్గకపోవడం లాంటివి ఉంటే మాత్రం పరీక్ష గది వైపు రావద్దు. 108కి ఫోన్ చేసి నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి, ఊదడం తర్వాత చూసుకోవచ్చు.